సి స్ట్రింగ్స్‌లో ఎస్కేప్ సీక్వెన్స్‌లు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎస్కేప్ సీక్వెన్స్ అంటే బ్యాక్‌స్లాష్ (`\`), దాని పక్కనున్న అక్షరాలు కలిసి మరో అక్షరాన్ని సూచించే రాత. సి కొత్తగా నేర్చుకుంటున్నవాళ్లకీ, సొంతంగా కాన్ఫిగ్ ఫైల్ పార్సర్ (సెట్టింగుల ఫైల్‌ను చదివి విడదీసే కోడ్) రాసుకునేవాళ్లకీ బ్యాక్‌స్లాష్ దగ్గర వచ్చే సందేహాలు దాదాపు ఒకటే. వాటిని దశలవారీగా ఇక్కడ పెట్టాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

ఎస్కేప్‌లలోని ఇంగ్లిష్ అక్షరాలను పలికే తీరులోనే రాశాం. `\ఎన్` అని ఉన్నచోట కోడ్‌లో బ్యాక్‌స్లాష్, దాని పక్కనే ఇంగ్లిష్ చిన్న ఎన్ టైప్ చేయాలి. పెద్దక్షరం కావాల్సిన చోట ఆ మాట అక్కడే చెప్పాం.

## ముందుగా తేల్చుకోవాల్సినవి

యూజర్ `\ఎన్` అని టైప్ చేస్తే కొత్త లైన్ రావడం లేదు, బ్యాక్‌స్లాషే కనిపిస్తోంది. ఎందుకు?

ఎస్కేప్‌లను మార్చేది కంపైలర్. అదీ సోర్స్ ఫైల్‌లో కోట్స్ మధ్య ఉన్నవాటినే. ప్రోగ్రామ్ నడుస్తుండగా కీబోర్డ్ నుంచో ఫైల్ నుంచో కమాండ్ లైన్ నుంచో వచ్చిన బ్యాక్‌స్లాష్ ఒక మామూలు బైట్, దాని విలువ 92. పక్కనున్న ఎన్ మరో మామూలు బైట్, 110. ఎఫ్‌గెట్స్, స్కాన్ఎఫ్ ఈ రెంటినీ ఉన్నవి ఉన్నట్టే బఫర్‌లో పెడతాయి.

ప్రింట్ఎఫ్ `\ఎన్`ని కొత్త లైన్‌గా మారుస్తుందని చాలామంది అనుకుంటారు. అది పట్టించుకునేది శాతం గుర్తును మాత్రమే. న్యూలైన్ బైట్ దాని చేతికి వచ్చేసరికే కంపైలర్ తయారుచేసి పెట్టి ఉంటుంది. కాబట్టి బయటి నుంచి వచ్చిన టెక్స్ట్‌కు మార్చే ఫంక్షన్ మీరే రాసుకోవాలి. యూజర్ ఇచ్చిన స్ట్రింగ్‌నే ప్రింట్ఎఫ్‌కు ఫార్మాట్‌గా అందించడం దీనికి పరిష్కారం కాదు. ఎస్కేప్‌లు మారవు సరికదా, ఆ స్ట్రింగ్‌లో `%ఎన్` ఉంటే మెమరీలోకి రాతలు కూడా జరుగుతాయి.

సి ప్రమాణంలో (భాష నియమాల అధికారిక పత్రంలో) ఉన్న ఎస్కేప్‌లు ఏవి? వాటి విలువలెంత?

ఆస్కీ విలువల్లో: `\ఎ` 7 (బెల్), `\బి` 8 (బ్యాక్‌స్పేస్), `\టి` 9 (ట్యాబ్), `\ఎన్` 10 (న్యూలైన్), `\వి` 11 (నిలువు ట్యాబ్), `\ఎఫ్` 12 (ఫార్మ్ ఫీడ్), `\ఆర్` 13 (క్యారేజ్ రిటర్న్), `\"` 34, `\'` 39, `\?` 63, `\\` 92. ఇవి మొత్తం 11.

వీటికి తోడు ఆక్టల్ రూపం ఉంది: బ్యాక్‌స్లాష్ తర్వాత 1 నుంచి 3 ఆక్టల్ అంకెలు (ఎనిమిది ఆధారంగా లెక్క, 0 నుంచి 7 దాకా). హెక్స్ (పదహారు ఆధారంగా లెక్క) రూపం `\ఎక్స్`, దాని తర్వాత కనీసం 1 హెక్స్ అంకె ఉండాలి. సి99 (1999 నాటి ప్రమాణం) నుంచి చిన్న `\యు` తర్వాత సరిగ్గా 4 హెక్స్ అంకెలు, పెద్ద `\యు` తర్వాత సరిగ్గా 8. `\0` అనేది ప్రత్యేకమైన ఎస్కేప్ ఏమీ కాదు, ఒక అంకె ఉన్న ఆక్టల్ ఎస్కేప్ అంతే. ఈ సంగతి పట్టించుకోకపోవడం వల్ల వచ్చే బగ్‌లు తక్కువేం కాదు.

కంపైలర్ ఎస్కేప్‌లను ఎప్పుడు మారుస్తుంది? అది తెలిస్తే ఏం ఉపయోగం?

ప్రమాణం అనువాదాన్ని 8 దశలుగా చెబుతుంది. లైన్ చివరి బ్యాక్‌స్లాష్‌తో రెండు లైన్లను కలపడం 2వ దశ, టోకెన్లుగా విడగొట్టడం 3, ప్రీప్రాసెసర్ పని 4, ఎస్కేప్‌లను బైట్లుగా మార్చడం 5, పక్కపక్కనున్న స్ట్రింగ్‌లను అతకడం 6.

ఉపయోగం 5, 6 దశల వరుసలోనే ఉంది. అతకడం కంటే ముందే ఎస్కేప్ మారిపోతుంది కాబట్టి, ఒక ఎస్కేప్ ఎక్కడ ఆగాలో మీరు నిర్ణయించాలనుకుంటే అక్కడ కోట్ మూసి మళ్లీ తెరిస్తే చాలు. `"\0" "12"` అంటే నల్ బైట్ (విలువ 0, సిలో స్ట్రింగ్ ముగింపు గుర్తు), 1, 2. కోట్స్ తీసేసి కలిపి `"\012"` అని రాస్తే ఒక్క న్యూలైన్ బైట్ మాత్రమే మిగులుతుంది.

మధ్యలో `\0` పెడితే స్ట్ర్‌లెన్ ఒకటి చెబుతోంది, సైజాఫ్ ఇంకొకటి చెబుతోంది. ఏది నిజం?

రెండూ నిజమే. `"12\0" "34"` తీసుకోండి. మెమరీలో 1, 2, నల్, 3, 4, చివర కంపైలర్ చేర్చిన నల్, మొత్తం 6 బైట్లు. సైజాఫ్ ఆ 6 చెబుతుంది. స్ట్ర్‌లెన్ మొదటి నల్ దగ్గరే ఆగి 2 అంటుంది. ఎస్కేప్‌లు మార్చిన టెక్స్ట్‌లో నల్ బైట్ రావడానికి అవకాశం ఉంటే పొడవును వేరే వేరియబుల్‌లో పెట్టుకోవాలి. కాపీకి మెమ్‌కాపీ, రాతకు ఎఫ్‌రైట్ వాడాలి. స్ట్ర్‌తో మొదలయ్యే ఫంక్షన్లేవీ అక్కడ పనికిరావు.

## సోర్స్ కోడ్‌లో రాసేటప్పుడు

విండోస్ ఫైల్ పాత్ ఇస్తే ఫైల్ తెరుచుకోవడం లేదు. పాత్ సరిగ్గానే ఉంది కదా?

పాత్‌లో ఫోల్డర్ పేరు ఇంగ్లిష్ చిన్న ఎన్‌తో మొదలైతే దాని ముందున్న బ్యాక్‌స్లాష్‌తో కలిసి న్యూలైన్ అయిపోతుంది. టితో మొదలైతే ట్యాబ్. పెద్ద యుతో మొదలయ్యే యూజర్స్ ఫోల్డర్ అయితే కంపైలర్ 8 హెక్స్ అంకెల కోసం వెతికి, దొరక్క ఎర్రర్ ఇస్తుంది. నిజానికి అదే మేలు, కనీసం తప్పు బయటపడుతుంది. మొదటి రెండూ వార్నింగ్ కూడా లేకుండా కంపైల్ అవుతాయి.

ప్రతి బ్యాక్‌స్లాష్‌నూ రెండుగా `\\` రాయండి. లేదా ముందుకు వాలిన `/` వాడండి; ఎఫ్‌ఓపెన్ లాంటి ఫంక్షన్లకు విండోస్‌లోనూ అది చెల్లుతుంది. పాత్‌ను యూజర్ టైప్ చేస్తే మాత్రం రెట్టింపు అవసరం లేదు, ఎందుకంటే ఆ టెక్స్ట్ కంపైలర్ కంట పడదు.

`\0` తర్వాత అంకె రాస్తే వేరే అక్షరం వస్తోంది?

ఆక్టల్ ఎస్కేప్ దొరికినన్ని అంకెలు తీసుకుంటుంది, 3 దాటదు. `\012`ను నల్, 1, 2 అనుకుంటే పొరపాటు. అది 10, అంటే న్యూలైన్. నల్ తర్వాత 12 కావాలంటే మూడు అంకెలూ నింపి `\00012` అని రాయండి.

8, 9 ఆక్టల్ అంకెలు కావు. అందుకే `\08` అంటే నల్, ఆ తర్వాత 8 అనే అక్షరం. పైకి చూస్తే ఒకేలా ఉన్న `\07`, `\08`లలో మొదటిది ఒక బైట్, రెండోది రెండు. మూడంకెల ఆక్టల్‌లో `\377` అంటే 255. `\400` అంటే 256, 8 బిట్ల క్యారెక్టర్‌లో పట్టదు కాబట్టి కంపైలర్ పట్టుకుంటుంది.

హెక్స్ ఎస్కేప్ పక్కన మామూలు అంకెలు రాస్తే "పరిధి దాటింది" అంటోంది. రెండు అంకెలే తీసుకోవాలి కదా?

సిలో `\ఎక్స్`కు అంకెల పరిమితి లేదు. హెక్స్ అంకె కానిది కనిపించేదాకా తీసుకుంటూనే పోతుంది. ట్యాబ్ తర్వాత 25 రావాలని `\ఎక్స్0925` రాస్తే కంపైలర్ దాన్ని 2341 అనే ఒక్క విలువగా చదువుతుంది. ఇంగ్లిష్ ఎ నుంచి ఎఫ్ దాకా ఉన్న అక్షరాలూ హెక్స్ అంకెలే కాబట్టి ఎస్కేప్ పక్కన ఆ అక్షరాలతో మొదలయ్యే మాట ఉన్నా ఇదే గొడవ.

కోట్ మూసి తెరవండి: `"\ఎక్స్09" "25"`. లేదా ఆక్టల్‌లో `\01125` రాయండి. 3 అంకెల తర్వాత ఆగిపోతుంది కాబట్టి 25 విడిగా మిగులుతుంది. చేతితో రాసే కోడ్‌లో హెక్స్ చూడ్డానికి బాగుంటుంది. ప్రోగ్రామ్ తయారుచేసే కోడ్‌కు మాత్రం మూడంకెల ఆక్టలే నమ్మకమైనది.

`\?` ఎందుకు పెట్టారు? ప్రశ్నార్థకాన్ని మామూలుగా రాయొచ్చు కదా?

రాయొచ్చు. అది ట్రైగ్రాఫ్‌ల కోసం పెట్టింది. సి89లో `??!` అనే మూడు అక్షరాలు నిలువు గీతకూ, `??/` బ్యాక్‌స్లాష్‌కూ బదులు. స్ట్రింగ్‌లో వరుసగా రెండు ప్రశ్నార్థకాలు వచ్చి, పక్కన ఇలాంటి గుర్తు ఉంటే అర్థం మారిపోయేది. రెండోదాన్ని `\?` అని రాస్తే ఆ జత విడిపోతుంది. సి23లో ట్రైగ్రాఫ్‌లు తీసేశారు, `\?` మాత్రం ఉంది. మీ పార్సర్ దాన్ని ఒప్పుకోవాలి.

టెర్మినల్ రంగుల కోసం `\ఇ` వాడితే ఒక కంపైలర్‌లో వస్తోంది, మరోదాంట్లో రావడం లేదు?

`\ఇ` ప్రమాణంలో లేదు, జీసీసీ, క్లాంగ్ లాంటివి అదనంగా ఇచ్చినది. అన్నిచోట్లా పనిచేయాలంటే `\033` రాయండి. విలువ అదే, 27.

రెగెక్స్‌లో ఒక్క బ్యాక్‌స్లాష్‌ను వెతకడానికి నాలుగు రాయాలట, నిజమేనా?

నిజమే. రెగెక్స్ (టెక్స్ట్‌లో నమూనాలను వెతికే రాత) ఇంజిన్‌కు ఒక బ్యాక్‌స్లాష్ అని చెప్పాలంటే రెండు అందాలి. ఆ రెండూ ఇంజిన్ దాకా చేరాలంటే కంపైలర్‌కు ఒక్కోదానికి రెండు చొప్పున నాలుగు ఇవ్వాలి. సి ప్రమాణంలో రా స్ట్రింగ్‌లు (ఎస్కేప్‌లను మార్చకుండా ఉన్నది ఉన్నట్టే తీసుకునేవి) లేవు, అవి సి++11లో వచ్చాయి. ప్యాటర్న్‌లు ఎక్కువగా ఉంటే వాటిని టెక్స్ట్ ఫైల్‌లో పెట్టి చదివించడమే సుఖం; అక్కడ రెండు చాలు.

పొడవైన స్ట్రింగ్‌ను లైన్ చివర బ్యాక్‌స్లాష్‌తో విరిస్తే మధ్యలో ఖాళీలు వస్తున్నాయి?

తర్వాతి లైన్ మొదట్లో మీరు వదిలిన ఇండెంటేషన్ కూడా స్ట్రింగ్‌లో భాగమైపోతుంది. బ్యాక్‌స్లాష్ వెనుక కంటికి కనపడని స్పేస్ ఒకటి మిగిలితే మరో చిక్కు: జీసీసీ వార్నింగ్ ఇచ్చి కలిపేస్తుంది, అలా కలపని కంపైలర్‌లో స్ట్రింగ్ సగంలో తెగి ఎర్రర్ వస్తుంది. ప్రతి లైన్‌నూ విడి కోట్స్‌లో పెట్టి ఒకదాని కింద ఒకటి రాయండి, కంపైలరే అతుకుతుంది.

`\377`తో పోల్చిన కండిషన్ ఎప్పటికీ నిజం కావడం లేదు. విలువ 255 వస్తోందని చూశాను కూడా?

క్యారెక్టర్ టైప్ సైన్డ్‌గా (రుణ సంఖ్యలనూ ఉంచుకునేలా) ఉండే చోట `'\377'` విలువ -1. ఎక్స్86 కంపైలర్లలో మామూలుగా ఇలాగే ఉంటుంది. ఫైల్ నుంచి ఒక్కో బైట్ చదివే గెట్‌సి మాత్రం అదే బైట్‌ను 255గా ఇస్తుంది. 255, -1 సమానం కావు. రిజల్ట్‌ను క్యారెక్టర్ వేరియబుల్‌లో పెడితే పోలిక కుదురుతుంది గానీ, ఈసారి ఆ బైట్‌కూ ఫైల్ ముగింపు గుర్తుకూ తేడా తెలియకుండా పోతుంది, ఎందుకంటే అదీ సాధారణంగా -1. గెట్‌సి రిజల్ట్‌ను ఎప్పుడూ ఇంట్‌లోనే ఉంచి, నేరుగా 255 అనే సంఖ్యతో పోల్చండి.

## పార్సర్ రాసేటప్పుడు

ముగింపు కోట్‌ను ఎలా గుర్తించాలి? ముందు బ్యాక్‌స్లాష్ ఉందో లేదో చూస్తే చాలా?

చాలదు. `"12\\"` చూడండి. చివరి కోట్ ముందు బ్యాక్‌స్లాష్ ఉంది, అయినా ఆ కోట్ నిజంగా ముగింపే. ఆ బ్యాక్‌స్లాష్ దాని ముందున్న దానికి జత. వెనక్కి తిరిగి చూసే పద్ధతి ఇక్కడ దెబ్బతిని, స్ట్రింగ్ దాటి ఫైల్‌లోకి పరుగెడుతుంది.

ఎప్పుడూ ముందుకే నడవండి. బ్యాక్‌స్లాష్ కనిపిస్తే దాన్నీ, పక్కనున్న బైట్‌నూ కలిపి దాటండి. దాటకముందు పక్కన ఒక బైట్ ఉందో లేదో చూడండి. అలా నడిచినప్పుడు విడిగా ఎదురైన మొదటి కోటే ముగింపు. సి తరహా స్ట్రింగ్ అయితే కోట్ కంటే ముందు అసలు న్యూలైన్ బైట్ ఎదురైతే ఎర్రర్ ఇవ్వాలి.

ఒక్కో ఎస్కేప్‌కు ఒక ఫైండ్-రీప్లేస్ చేస్తే సరిపోదా?

సరిపోదు, ఏ వరుసలో చేసినా తప్పే. ఇన్‌పుట్‌లో `\\ఎన్` ఉందనుకోండి: రెండు బ్యాక్‌స్లాష్‌లు, ఒక ఎన్. సరైన జవాబు ఒక బ్యాక్‌స్లాష్, ఒక ఎన్. ముందు `\ఎన్`ను మారిస్తే రెండో బ్యాక్‌స్లాష్ ఎన్‌తో కలిసి న్యూలైన్ అవుతుంది. ముందు `\\`ను మారిస్తే మిగిలిన ఒక్క బ్యాక్‌స్లాష్ రెండో విడతలో ఎన్‌తో కలుస్తుంది. ఎడమ నుంచి కుడికి ఒకే ఒక్క నడక, ప్రతి బైట్‌నూ ఒక్కసారే చదవాలి. వేరే దారి లేదు.

సరైన లూప్ ఎలా ఉండాలి?

ఫంక్షన్‌కు ఇన్‌పుట్ పాయింటర్, ఇన్‌పుట్ పొడవు, అవుట్‌పుట్ పాయింటర్, అవుట్‌పుట్ కెపాసిటీ ఇవ్వండి. తిరిగి రావాల్సినవి అవుట్‌పుట్ పొడవు, ఎర్రర్ అయితే అది ఎన్నో బైట్ దగ్గర వచ్చిందో. నల్ బైట్ దాకా అని కాకుండా పొడవు దాకా నడవాలి.

1. చదివే స్థానం పొడవును చేరితే ముగించండి. బైట్ 92 కాకపోతే కాపీ చేసి ముందుకు వెళ్లండి.
2. 92 అయితే ఒకటి ముందుకు జరగండి. ఇప్పుడు స్థానం పొడవుతో సమానమైతే ఎర్రర్ ఇచ్చి ఆగండి.
3. ఆ బైట్ మీద ఒక స్విచ్. 11 మామూలు ఎస్కేప్‌లకు తగిన విలువ రాసి ముందుకు వెళ్లండి.
4. 0 నుంచి 7 మధ్య అంకె అయితే మొత్తాన్ని సున్నా నుంచి మొదలుపెట్టి, గరిష్ఠంగా 3 అంకెలు చదవండి. ప్రతి అంకెకూ మొత్తాన్ని 8తో గుణించి కలపండి. 255 దాటితే ఎర్రర్.
5. ఎక్స్ అయితే కనీసం ఒక హెక్స్ అంకె ఉండాలి, లేకపోతే ఎర్రర్. సి నియమమే పాటించాలనుకుంటే పరిమితి లేకుండా చదువుతూ, ప్రతి గుణకారం తర్వాతా 255 దాటిందేమో చూడండి. ఆ పరీక్షను చివరికి వదిలేస్తే, అంకెలు చాలా ఉన్నప్పుడు మొత్తం ఓవర్‌ఫ్లో అయి మళ్లీ చిన్న సంఖ్యగా కనిపించవచ్చు.
6. ఇంకేదైనా వస్తే డిఫాల్ట్: ఎర్రర్. (`\యు` సంగతి కింద యూనికోడ్ భాగంలో ఉంది.)

అవుట్‌పుట్‌లో రాసే ప్రతిచోటా కెపాసిటీ చూడాలి. ఆ చూపును ఒక చిన్న ఫంక్షన్‌లో పెట్టి అన్నిచోట్ల నుంచీ దాన్నే పిలవండి. ఆరుచోట్ల విడివిడిగా రాస్తే ఏదో ఒకచోట మరిచిపోతారు. ఈజ్‌ఎక్స్‌డిజిట్ లాంటి ఫంక్షన్‌కు బైట్ ఇచ్చేటప్పుడు అన్‌సైన్డ్ క్యారెక్టర్‌గా మార్చి ఇవ్వండి. యూటీఎఫ్-8 టెక్స్ట్‌లో 127 దాటిన బైట్లు సైన్డ్ క్యారెక్టర్‌లో రుణ సంఖ్యలవుతాయి, వాటితో ఆ ఫంక్షన్‌ను పిలిస్తే ఏం జరుగుతుందో ప్రమాణం చెప్పదు.

చివర ఒంటరిగా బ్యాక్‌స్లాష్ ఉంటే ఏమవుతుంది? ఎవరు అలా ఇస్తారులే?

దాడి చేసేవాళ్లు ఇస్తారు. ఎస్కేప్ పార్సింగ్‌లో అన్నిటికంటే ఖరీదైన తప్పు ఇదే. 2021 జనవరిలో బయటపడిన సుడో (ఇంకో యూజర్ అధికారంతో కమాండ్ నడిపే ప్రోగ్రామ్) లోపం, సీవీఈ-2021-3156 (భద్రతా లోపాల జాబితాలో దాని నంబర్), సరిగ్గా దీని మీదే నిలబడింది. 2011 నుంచీ ఆ కోడ్ అలాగే ఉంది.

ఆ లూప్‌ను దగ్గరగా చూద్దాం. ప్రస్తుత బైట్ నల్ కానంతవరకు తిరుగుతుంది. లోపల: బైట్ బ్యాక్‌స్లాష్ అయి, పక్కది స్పేస్ లాంటిది కాకపోతే, పాయింటర్‌ను ఒకటి జరుపు, ఆ తర్వాత ఒక బైట్ కాపీ చేసి మళ్లీ జరుపు. ఆర్గ్యుమెంట్ చివర ఒంటరి బ్యాక్‌స్లాష్ ఉంటే పక్కనున్నది నల్. నల్ స్పేస్ కాదు, కాబట్టి పాయింటర్ నల్ మీదికి జరిగింది. ఆ నల్‌నే కాపీ చేసి ఇంకొకటి జరిగింది. ఇప్పుడు పాయింటర్ స్ట్రింగ్ బయట ఉంది. లూప్ కండిషన్ చూడాల్సిన నల్ వెనకబడిపోయింది. బఫర్ సైజును స్ట్ర్‌లెన్‌తో లెక్కగట్టి కేటాయించారు గనుక అదనంగా కాపీ అయినదంతా హీప్‌లో (ప్రోగ్రామ్ నడుస్తుండగా కేటాయించే మెమరీలో) పక్కవాటి మీద పడింది. మామూలు యూజర్‌కు రూట్ (సిస్టమ్ మీద పూర్తి) అధికారం దక్కేది అలాగే. ఎగ్జిమ్ మెయిల్ సర్వర్‌లో 2019లో వచ్చిన సీవీఈ-2019-15846కు కూడా చివరి బ్యాక్‌స్లాషే మూలం.

మందు ఒక్క పోలికే: బ్యాక్‌స్లాష్ దాటిన వెంటనే, ఇంకే పనీ చేయకముందు, ఇన్‌పుట్ ముగిసిందేమో చూడటం.

హెక్స్ అంకెలు చదవడానికి స్ట్ర్‌టోల్ వాడొచ్చా?

వాడకపోవడమే మంచిది. అది ముందున్న స్పేస్‌లను దాటేస్తుంది, ప్లస్ మైనస్ గుర్తులను ఒప్పుకుంటుంది, బేస్ 16 అయితే 0ఎక్స్ అనే ముందుమాటనూ మింగుతుంది. అంటే `\ఎక్స్-1`, `\ఎక్స్ 41` లాంటివన్నీ మీ పార్సర్‌లో చెల్లిపోతాయి. పైగా అది నల్ దాకా చదివే రకం. పొడవు మీద నడిచే బఫర్‌లో నల్ ఉండకపోవచ్చు. ఎస్‌స్కాన్ఎఫ్‌తో రెండు అంకెలే చదివించినా స్పేస్, గుర్తుల సమస్య పోదు.

అంకె విలువ ఇచ్చే ఫంక్షన్ సొంతంగా రాస్తే పది లైన్లు. 0 నుంచి 9 దాకా వరుసగా ఉంటాయని ప్రమాణం హామీ ఇస్తుంది కాబట్టి 0 అక్షరాన్ని తీసివేస్తే చాలు. అక్షరాలకు ఆ హామీ లేదు. వాటికి స్విచ్ గానీ టేబుల్ గానీ వాడండి.

అవుట్‌పుట్‌కు ఎంత మెమరీ కేటాయించాలి? అదే బఫర్‌లో మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు. ఎస్కేప్ తీసేస్తే టెక్స్ట్ ఎప్పుడూ పెరగదు. మామూలు ఎస్కేప్ 2 బైట్ల నుంచి 1, హెక్స్ కనీసం 3 నుంచి 1, చిన్న `\యు` 6 నుంచి గరిష్ఠంగా 3, పెద్ద `\యు` 10 నుంచి గరిష్ఠంగా 4. కాబట్టి రాసే స్థానం చదివే స్థానాన్ని ఎన్నటికీ దాటదు. వేరే బఫర్ అయితే ఇన్‌పుట్ పొడవుకు 1 కలిపి కేటాయించండి. స్ట్రింగ్ లిటరల్‌ను (సోర్స్‌లో కోట్స్ మధ్య రాసిన స్ట్రింగ్‌ను) మాత్రం ఉన్నచోటే మార్చడానికి ప్రయత్నించకండి. చాలా సిస్టమ్‌లలో అది చదవడానికే తప్ప రాయడానికి వీల్లేని మెమరీలో ఉంటుంది, ప్రోగ్రామ్ క్రాష్ అవుతుంది.

తెలియని ఎస్కేప్ వస్తే బ్యాక్‌స్లాష్‌ను తీసేయాలా, ఉంచాలా?

రెండూ వద్దు, ఎర్రర్ ఇవ్వండి. జీసీసీ వార్నింగ్ ఇచ్చి బ్యాక్‌స్లాష్‌ను వదిలేస్తుంది, కొన్ని భాషలు ఉంచేస్తాయి. అందుకే యూజర్ ఏది ఆశిస్తున్నాడో మీరు ఊహించలేరు. ఇవాళ వదిలేసిన దానికి రేపు అర్థం ఇవ్వాలనుకున్నా పాత ఫైళ్లు అడ్డొస్తాయి. సి ప్రమాణం కూడా ఈ ఉద్దేశంతోనే మిగిలిన చిన్నక్షరాల ఎస్కేప్‌లను భవిష్యత్తు కోసం అట్టేపెట్టుకుంది. ఎర్రర్‌లో లైన్ నంబర్, బైట్ స్థానం, ఆ ఎస్కేప్ మూడూ చూపించండి.

ఫైల్‌ను ముక్కలుగా చదువుతున్నాను. ఎస్కేప్ రెండు ముక్కల మధ్య తెగితే?

4096 బైట్ల ముక్కలో చివరిది బ్యాక్‌స్లాష్, తర్వాతి ముక్కలో మొదటిది ఎన్ కావచ్చు. ఆగిన చోటును ఒక స్ట్రక్ట్‌లో గుర్తుంచుకోవాలి: ప్రస్తుత స్థితి (మామూలు, బ్యాక్‌స్లాష్ చూశాం, ఆక్టల్ మధ్యలో, హెక్స్ మధ్యలో), ఇప్పటిదాకా చదివిన అంకెలెన్ని, వాటి మొత్తం ఎంత. ఈ మూడూ ఉంటే ఎక్కడ తెగినా మళ్లీ అందుకోవచ్చు. చివరి ముక్క అయ్యాక ముగింపు ఫంక్షన్‌ను విడిగా పిలవాలి: ఆక్టల్ మధ్యలో ఉంటే ఆ బైట్‌ను రాసేయాలి, బ్యాక్‌స్లాష్ దగ్గర ఆగి ఉంటే ఎర్రర్ ఇవ్వాలి. ఫైల్ చిన్నదైతే ఇదంతా అనవసరం, మొత్తం ఒకేసారి చదివేయండి.

## యూనికోడ్, జేసన్

`\యు` వస్తే ఎన్ని బైట్లు రాయాలి?

యూటీఎఫ్-8లో కోడ్ పాయింట్ (యూనికోడ్‌లో ఆ అక్షరానికి ఉన్న సంఖ్య) 127 దాకా 1 బైట్, 2047 దాకా 2, 65535 దాకా 3, 1114111 దాకా 4. ఆ పైన ఎర్రర్.

"అ" కోడ్ పాయింట్ 3077, హెక్స్‌లో 0సి05. మూడు బైట్లు కావాలి. 3077ను 64తో భాగిస్తే 48, శేషం 5. 48ని మళ్లీ 64తో భాగిస్తే 0, శేషం 48. మొదటి బైట్ 224కు 0 కలిపితే 224, రెండోది 128కి 48 కలిపితే 176, మూడోది 128కి 5 కలిపితే 133. సి కోడ్‌లో ఇదే అక్షరాన్ని ఆక్టల్‌లో `\340\260\205` అని రాయొచ్చు.

55296 నుంచి 57343 దాకా ఉన్న విలువలు సరోగేట్‌లు. అవి అక్షరాలు కావు, విడిగా వస్తే యూటీఎఫ్-8లోకి రాయకూడదు.

సి ఎస్కేప్‌లు రాసిన ఫంక్షన్‌నే జేసన్‌కు వాడొచ్చా?

వద్దు. జేసన్ అనేది ప్రోగ్రామ్‌లు డేటా ఇచ్చిపుచ్చుకునే టెక్స్ట్ రూపం, దాని నియమాలు వేరు. జేసన్‌లో ఉన్నవి `\"`, `\\`, `\/`, `\బి`, `\ఎఫ్`, `\ఎన్`, `\ఆర్`, `\టి`, చిన్న `\యు` తర్వాత 4 అంకెలు, అంతే. `\ఎ`, `\వి`, `\'`, ఆక్టల్, హెక్స్ ఏవీ చెల్లవు. సిలో లేని `\/` జేసన్‌లో ఉంది. 32 కంటే చిన్న బైట్ ఎస్కేప్ లేకుండా నేరుగా స్ట్రింగ్‌లో ఉంటే అదీ తప్పే.

ఇంకో జాగ్రత్త: `\యు0000` జేసన్‌లో చెల్లుతుంది. దాన్ని మార్చి సి స్ట్రింగ్‌గా వాడితే అక్కడే తెగిపోతుంది. యూజర్ పేరు తనిఖీ చేసిన కోడ్ మొత్తం చూసి, ఆ తర్వాతి కోడ్ సగమే చూస్తే భద్రతా లోపం అవుతుంది.

ఎమోజీ జేసన్‌లో రెండు `\యు`లుగా వస్తోంది. ఎలా కలపాలి?

మొదటిది 55296 నుంచి 56319 మధ్య ఉండాలి, రెండోది 56320 నుంచి 57343 మధ్య. మొదటిదాంట్లోంచి 55296 తీసి 1024తో గుణించండి, రెండోదాంట్లోంచి 56320 తీసి కలపండి, చివర 65536 కలపండి. ఉదాహరణకు 55357, 56832 వస్తే: 61 × 1024 = 62464, దానికి 512, 65536 కలిపితే 128512. అది నవ్వు ముఖం. మొదటిది వచ్చి రెండోది రాకపోయినా, రెండోది ముందే వచ్చినా ఎర్రర్. సి సోర్స్‌లో ఈ జత పద్ధతి చెల్లదు. అక్కడ పెద్ద `\యు` తర్వాత 8 అంకెలు రాయాలి.

## పరీక్షించేటప్పుడు

సరిగ్గా మారిందో లేదో స్క్రీన్ మీద చూస్తే తెలియడం లేదు?

ట్యాబ్‌కూ స్పేస్‌లకూ తేడా కంటికి కనపడదు, నల్ బైట్ అసలే కనపడదు. ప్రతి బైట్‌నూ సంఖ్యగా ప్రింట్ చేయండి, పొడవు కూడా ప్రింట్ చేయండి. ఫైల్‌లోకి రాస్తే విండోస్‌లో బైనరీ మోడ్‌లో తెరవండి. టెక్స్ట్ మోడ్‌లో 10 రాసిన ప్రతిచోటా 13, 10 పడతాయి, తప్పు మీ పార్సర్‌దే అనిపిస్తుంది.

ఏయే ఇన్‌పుట్‌లతో పరీక్షించాలి?

కనీసం ఇవి: ఖాళీ స్ట్రింగ్, ఒక్క బ్యాక్‌స్లాష్ (ఎర్రర్), `\\` (ఒకే బైట్, 92), `\\ఎన్` (92, 110), `\08` (0, 56), `\1234` (83, 52), `\377` (255), `\400` (ఎర్రర్), అంకెలు లేని `\ఎక్స్` (ఎర్రర్), మూడు అంకెలతోనే ముగిసిన చిన్న `\యు` (ఎర్రర్).

పరీక్ష ఇన్‌పుట్‌ను లిటరల్‌గా నేరుగా ఇవ్వకండి. సరిగ్గా దాని పొడవుకే మాలక్ చేసి, చివర నల్ లేకుండా కాపీ చేసి ఇవ్వండి, అడ్రస్ శానిటైజర్‌తో (హద్దు దాటిన మెమరీ వాడకాన్ని పట్టుకునే సాధనంతో) నడపండి. అప్పుడు ఒక్క బైట్ అవతల చదివినా ప్రోగ్రామ్ అక్కడికక్కడే ఆగి లైన్ నంబర్ చూపిస్తుంది. లిటరల్ ఇస్తే చివరనున్న నల్ ఆ తప్పును కప్పేస్తుంది, పరీక్ష పాసైపోతుంది.

బైట్లను తిరిగి ఎస్కేప్‌లుగా రాయాలంటే?

32 నుంచి 126 దాకా ఉన్నవాటిని అలాగే రాయండి, వాటిలో డబుల్ కోట్‌కూ బ్యాక్‌స్లాష్‌కూ ముందు బ్యాక్‌స్లాష్ పెట్టండి. మిగిలినవన్నీ మూడంకెల ఆక్టల్, చిన్న విలువలకూ ముందు సున్నాలు పెట్టి. నల్ బైట్‌ను `\0` అని కుదించి రాసే ప్రోగ్రామ్, దాని పక్కన 7 అనే అక్షరం వచ్చిన రోజున `\07` అనే బెల్ రాసి పెడుతుంది. ఈజ్‌ప్రింట్ మీద ఆధారపడకండి, లొకేల్‌ను బట్టి దాని జవాబు మారుతుంది.

ఇక్కడ టెక్స్ట్ పెరుగుతుంది: ఒక్కో బైట్ గరిష్ఠంగా 4 అవుతుంది. పొడవుకు 4 రెట్లు, పైన 1 కేటాయించండి. గుణించే ముందే అది సైజ్‌టి పరిధి దాటదని చూసుకోండి. తర్వాత 0 నుంచి 255 దాకా ప్రతి బైట్ పక్కనా మళ్లీ 256 బైట్లలో ఒక్కోటి పెట్టి, ఆ 65536 జతలనూ ఎస్కేప్ చేసి, తిరిగి మార్చి, మొదటి బైట్లతో మెమ్‌కంప్‌తో పోల్చండి. కన్నుమూసి తెరిచేలోగా అయిపోతుంది. పక్కపక్క బైట్లు కలిసిపోయే తప్పు ఎక్కడున్నా ఈ పరీక్షలో పడుతుంది.